మీరు అనకు బావా

మర్యాద చేసి కూడా మనిషిని కొట్టవచ్చని అతనికి మూడు నెలల కిందటి వరకూ తెలియదు. ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన బావను చూడడానికి వెళ్తే, దిండుకు ఆనుకుని కూర్చున్న బావ తల తిప్పి, "రండి, కూర్చోండి" అన్నాడు. తన వెనక ఎవరైనా పెద్దమనిషి వచ్చాడేమోనని అతను తిరిగి చూశాడు. ఎవరూ లేరు. ఆ "రండి" తనకే. ఇరవై రెండేళ్ళుగా "ఏరా", "ఒరేయ్", "వెధవా" తప్ప ఇంకో పిలుపు ఎరగని నోటి నుంచి వచ్చిన మొట్టమొదటి "రండి" అది.

బావ ప్రింటింగ్ ప్రెస్సులో సూపర్‌వైజరు. మెషిన్ల హోరులో బతికినవాడు కాబట్టి గొంతు పెద్దది, నోరు ఇంకా పెద్దది. ముద్దొచ్చినా తిడతాడు, ఆకలేసినా తిడతాడు. కొత్తవాళ్ళనీ, గిట్టనివాళ్ళనీ మాత్రమే "అండి" అంటాడు. ఆ సంగతి బావమరిదికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అందుకే ఆ రోజు టీ కూడా తాగకుండా, పని ఉందని చెప్పి లేచి వచ్చేశాడు.

అతను లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో సగం అపార్టుమెంట్లు అతని చేతి చలవ వల్లే పైకీ కిందికీ కదులుతుంటాయి. పేరొకటి ఉంది గానీ, అది మెళ్ళో వేలాడే గుర్తింపు కార్డుకే పరిమితం. అందరికీ అతను లెగ్గు.

పన్నెండేళ్ళ కిందట ఒక సెమీఫైనల్ రోజున పెట్టిన పేరు అది. ఆ రోజు ఎక్కడో లిఫ్టులో ఇరుక్కున్న ముగ్గుర్ని బయటికి తీసి, గ్రీజు చేతులతోనే బావ ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. హాల్లో కాలు పెట్టాడు, వికెట్ పడింది. కూర్చున్నాడు, ఇంకోటి పడింది. చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్తే ఫోరు. తుడుచుకుంటూ వస్తే మళ్ళీ వికెట్. బావ రెండు చేతులూ జోడించి, "ఒరేయ్, నీది మామూలు కాలు కాదురా, ఐరన్ లెగ్గు. బయట మెట్ల మీద కూర్చో, నీకు దండం పెడతాను" అన్నాడు. హాలంతా గొల్లుమంది. అతనూ నవ్వుతూనే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. జట్టు గెలిచింది. అక్కడితో అతని పేరూ, చోటూ రెండూ ఖాయమైపోయాయి. లిఫ్టులు బాగుచేసేవాడికి మెట్లే గతి అయ్యాయి.

క్రికెట్ పిచ్చివాళ్ళకు బుర్ర లేదని ఎవరూ అనరు. ఉంటుంది. మ్యాచ్ రోజున దాన్ని తీసి టీవీ కింది అరలో పెట్టేస్తారు, అంతే. ఒకడు గెలిచినప్పుడు వేసుకున్న చొక్కా ఉతకనివ్వడు. ఇంకొకడు సెంచరీ అయ్యేదాకా మంచినీళ్ళు ముట్టడు. వాళ్ళ మధ్య మెట్ల మీద కూర్చునేవాడు ఒకడుంటే వింతేముంది? అతనికి మొదట్లో గర్వంగా కూడా ఉండేది. లోపలివాళ్ళు ఆట చూస్తారు, తను ఆట గెలిపిస్తాడు. మెట్ల మీద కూర్చుని కూర్చుని, తలుపు అవతలి అరుపుల్ని బట్టే ఫోరో సిక్సో చెప్పగలిగే విద్య వచ్చింది.

కానీ మాట అంటే క్రికెట్‌తో ఆగుతుందా? మొదట అక్క కూతురి ఇంటర్వ్యూ రోజున ఆ పిల్లకు ఎదురుపడకుండా మేడెక్కి నిలబడ్డాడు. తరవాత స్నేహితుడు కొత్త బండి కొంటే, అది వీధి మలుపు తిరిగేదాకా గుమ్మం దాటలేదు. చేయమని ఎవరూ అడగలేదు. అతనే చేశాడు. ఎక్కడ లిఫ్టు ఆగినా అతని మొహం కనబడగానే లోపలివాళ్ళు బతికిపోయాం అనుకుంటారు. అలాంటివాడు, తన కాలు మంచిది కాదని తనే నమ్మేశాడు. ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పకుండా నమ్మాడు.

బావకు గుండె ఆపరేషన్ అన్నప్పుడు ఆ నమ్మకం పీక మీదికి వచ్చింది. ఆస్పత్రికి నాలుగు రోజులూ వెళ్ళాడు. పొద్దున్నే వెళ్ళి, "నువ్వు ఇంటికెళ్ళి స్నానం చేసి కాస్త పడుకునిరా, నేనుంటాను కదా" అని అక్కను పంపేవాడు. ఉండేవాడు కూడా. అయితే కింద, పార్కింగు పక్కనున్న సిమెంటు బెంచీ మీద. పైకి మాత్రం వెళ్ళలేదు. మూడో రోజున ఉండబట్టలేక వార్డున్న అంతస్తు దాకా మెట్లెక్కి, తలుపు దగ్గర ఆగి, వెనక్కి దిగిపోయాడు. ఆ సాయంత్రమే బావకు జ్వరం పట్టుకుంది. మర్నాడు రాత్రి దాకా తగ్గలేదు. ఇక చెప్పాలా? తన పాదమే చేసిందనుకున్నాడు. ఆ తరవాత వచ్చిన "రండి, కూర్చోండి"కి అర్థం కూడా అదేననుకున్నాడు. ఎవరో చెప్పి ఉంటారు, లెగ్గు పైదాకా వచ్చాడని. బావకు కోపం రాకుండా ఎలా ఉంటుంది?

*

ఫైనల్ వచ్చిందంటే బావ ఇంట్లో ఆట చూసే బృందానికి రెండు రోజుల ముందు నుంచే కాలు నిలవదు. అరడజను మంది ఉంటారు. ఎన్నో ఏళ్ళుగా వాళ్ళది ఒకటే వరస. శనివారం మధ్యాహ్నం సినిమా, సాయంత్రం స్కోరుబోర్డు ఇంట్లో పార్టీ, ఆదివారం పొద్దున పార్కు వెనక ఖాళీ స్థలంలో టెన్నిస్ బంతితో వాళ్ళ సొంత మ్యాచ్, మధ్యాహ్నం మూడింటికి బావ ఇంట్లో టీవీలో ఫైనల్. స్కోరుబోర్డు అంటే బళ్ళో లెక్కల మాస్టారు. ఎప్పటి మ్యాచ్ అయినా సరే, ఎవరు ఎన్ని పరుగులు చేశారో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తన పెళ్ళిరోజు ఎప్పుడో మాత్రం భార్యను అడగాలి.

ఈసారి వెళ్ళకూడదనుకున్నాడు లెగ్గు. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే అతని భార్య వినలేదు.

"ఆయన మాట్లాడకపోతే నువ్వు మాట్లాడు. ఇంట్లో కూర్చుని గోడలకు చెప్పుకుంటే తెగుతుందా?" అంది.

"ఏమని మాట్లాడను?"

"ఎందుకు బావా మీరు మీరు అంటున్నావని అడుగు. నోట్లో నాలుక లేదా?"

ఆమెకు సగమే తెలుసు. అతను రోజూ ఆస్పత్రికి వెళ్ళాడని తెలుసు. బెంచీ సంగతి తెలియదు.

సినిమా హాల్లో బావ పక్క సీటు ఖాళీగా ఉంది. ఇదివరకైతే "ఇటు తగలడు" అనేవాడు. ఇప్పుడు కాళ్ళు పక్కకు పెట్టి దారి ఇచ్చి, "కూర్చోండి" అన్నాడు. తెర మీద హీరో ఇరవై మందిని చితకబాదుతున్నాడు. సరిగ్గా విలన్ మీదికి ఎగిరిన సమయానికి బొమ్మ ఆగిపోయి హాలంతా చీకటైంది. హీరో గాల్లోనే ఉండిపోయాడు. వెనక వరసలోంచి స్కోరుబోర్డు, "లెగ్గు లోపలే ఉన్నాడా?" అని అరిచాడు. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. చీకట్లో పాప్‌కార్న్ పొట్లం అతని వైపు జరిపి, "తీసుకోండి" అన్నాడు. నవ్వి, నెత్తిన ఒక్కటి మొట్టి ఉంటే లెగ్గు ప్రాణానికి ఎంతో హాయిగా ఉండేది. బొమ్మ మళ్ళీ వచ్చింది, విలన్ చచ్చాడు. ఎలా చచ్చాడో అతను చూడలేదు.

సాయంత్రం పార్టీలో స్కోరుబోర్డు ఎప్పటిలాగే క్విజ్ పెట్టాడు. పాత మ్యాచ్‌ల మీద ప్రశ్నలు, తప్పు చెప్పినవాడు పాట పాడాలి. ఆ ఇంట్లో అందరి గొంతులూ ఎలాంటివో తెలిసినవాడెవడూ తప్పు చెప్పడానికి సాహసించడు. ఒక ప్రశ్న లెగ్గు మీదికి వచ్చింది.

"పన్నెండేళ్ళ కిందటి సెమీఫైనల్. ఆఖరి బంతికి ఎన్ని పరుగులొచ్చాయి?"

"వాడేం చెబుతాడు, వాడు మెట్ల మీద ఉన్నాడుగా" అన్నారు ఎవరో.

"రెండు" అన్నాడు లెగ్గు. "చూళ్ళేదు గానీ విన్నాను. మొదట ఒక అరుపు, కాస్త ఆగి ఇంకో అరుపు. మధ్యలో బావ 'పరిగెత్తరా సన్నాసీ' అన్నాడు. అంటే రెండు."

"కరెక్టు" అని స్కోరుబోర్డు చప్పట్లు కొట్టాడు. లెగ్గు బావ వైపు చూశాడు. సన్నాసి అన్న మాటకైనా బావ మొహంలో పాత బావ కనబడతాడేమోనని ఆశ. బావ చేతిలోని గ్లాసు కింద పెట్టి, "మీకు బాగా గుర్తుందండీ" అన్నాడు. పెళ్ళికి ముందు ఇంటికి వచ్చిన రోజున కూడా బావ తనతో ఇంత పొడిగా మాట్లాడలేదు. లెగ్గు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, వీధిలో వెళ్ళే బళ్ళను చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

పార్టీ నుంచి ఇద్దరూ ఇంటికి నడిచి వెళ్తుంటే భార్య, "అడిగావా?" అంది.

"లేదు."

"భయమా?"

"భయమే. 'అవును, నీవల్లే' అని బావ అంటే ఏం చేయను?"

"నీవల్ల ఏమిటి?" అని ఆమె ఆగిపోయింది. అతను ఆగలేదు. ఆమె మళ్ళీ అడగలేదు గానీ, ఇల్లు చేరేదాకా అతని మోచేయి పట్టుకునే నడిచింది.

ఆదివారం పొద్దున మ్యాచ్‌లో డాక్టరు ఆడొద్దన్నాడని బావ కుర్చీ వేసుకుని అంపైరుగా కూర్చున్నాడు. లెగ్గు బ్యాటింగుకు వచ్చాడు. నాలుగు బంతులు బాగానే కొట్టాడు. అయిదోది వంగి వచ్చి మోకాలి కింద తగిలింది. టెన్నిస్ బంతి ఆటలో ఎల్బీడబ్ల్యూ ఇచ్చే అంపైరు లోకంలో ఎక్కడా ఉండడు. బౌలరు కూడా సరదాకే అరిచాడు. బావ కుర్చీలోంచి నెమ్మదిగా వేలెత్తాడు.

"అవుటండి" అన్నాడు.

"లెగ్గు లెగ్గుకి తగిలి పోయాడ్రా" అని అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. లెగ్గు బ్యాటు పక్కవాడికి ఇచ్చి, కుళాయి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కున్నాడు. నీళ్ళతో కడుక్కోవలసినంత చెమటేం పట్టలేదు. కళ్ళు మండుతున్నాయి, అంతే. అవుటిచ్చినందుకు కాదు. ఆ "అండి" కోసం.

*

మధ్యాహ్నం ఇక రాకూడదనే నిర్ణయించుకున్నాడు. అక్క ఫోన్ చేసింది. "మెట్లు తుడిపించాను. రాకపోతే ఊరుకోను" అని పెట్టేసింది. అక్కకు ఎదురు చెప్పడం అతనికి చిన్నప్పటి నుంచీ చేతకాదు. వెళ్ళాడు.

బావ ఇల్లు రెండో అంతస్తు. మెట్లలో పై నుంచి నాలుగోది అతనిది. గోడకు ఆనుకుని కూర్చుంటే మూసిన తలుపు కింది సందులోంచి టీవీ వెలుగు కదులుతూ కనబడుతుంది. అక్క టీ కప్పు తెచ్చి చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. అవతలి జట్టు నూట డెబ్భై ఒకటి కొట్టింది. మనవాళ్ళు మొదలుపెట్టారు. ఫోరు. ఫోరు. ఒక మూలుగు, అంటే వికెట్. మళ్ళీ ఫోరు. పద్నాలుగో ఓవరయ్యేసరికి మూడే వికెట్లు పోయి నూట ఇరవై ఒకటి వచ్చాయి. మిగిలిన ముప్ఫై ఆరు బంతుల్లో యాభై ఒకటి. లోపల అందరి గొంతుల్లోనూ అప్పుడే గెలిచేసినంత ధీమా. కానీ ఆ గొంతుల్లో బావ గొంతు లేదు. ఆ సంగతి లెగ్గు మొదటి ఓవర్లోనే గమనించాడు.

తలుపు తెరుచుకుని బావ బయటికి వచ్చాడు. రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకా ఇక్కడే కూర్చున్నారా? బండ చల్లగా ఉంటుంది. కుర్చీ వేయించమంటారా?"

లెగ్గు చేతిలోని కప్పు కింద పెట్టాడు.

"బావా."

"చెప్పండి."

"తిట్టు. కావాలంటే కొట్టు. మీరు అనకు బావా."

లోపల ఎవరో బంతి బంతికీ లెక్క చెబుతున్నారు.

"నేను చేసింది తప్పే. నాకు తెలుసు" అన్నాడు లెగ్గు. తల ఎత్తకుండా మెట్టుతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు. "మూడో రోజు నేను పైకి రాకుండా ఉండాల్సింది. రెండు రోజులు కిందే ఓర్చుకున్నాను. ఆ రోజు ఆగలేకపోయాను. నావల్లే నీకు జ్వరం వచ్చింది. ఆ కోపం నీకుంటుంది. ఉండాలి కూడా. కానీ నన్ను పరాయివాణ్ణి చేయకు."

"పైకి ఎక్కడికి?"

"నీ వార్డు దగ్గరికి."

"నువ్వెప్పుడొచ్చావు?"

"తలుపు దాకా. లోపలికి రాలేదు. అడుగు పెట్టలేదు, ఒట్టు."

బావ రెయిలింగు వదిలాడు. గొంతు పెరిగింది. మూడు నెలల తరవాత ప్రెస్సు గొంతు బయటికి వచ్చింది.

"ఏం వాగుతున్నావురా నువ్వు? నాలుగు రోజులు ఆ తలుపు వైపే చూస్తూ పడుకున్నాను. పక్కింటాయన వచ్చాడు. మా ప్రెస్సు వాచ్‌మన్ వచ్చాడు. ఆ స్కోరుబోర్డు వచ్చి, ఇలాంటి ఆపరేషన్లలో వందకి ఎంతమంది బతుకుతారో లెక్క చెప్పి మరీ వెళ్ళాడు. నువ్వు రాలేదు. మీ అక్కను అడిగితే, 'పొద్దుటి నుంచి మీ దగ్గరే ఉన్నాడుగా' అంది. అంటే దానికి అబద్ధం చెప్పి ఎక్కడ తిరిగావో అనుకున్నాను. దాని ముందు నీ పరువు తీయలేక నోరు మూసుకున్నాను. నన్ను థియేటరుకు తీసుకెళ్తుంటే కూడా చూశాన్రా, వస్తావేమోనని."

"కిందే ఉన్నాను బావా."

"కింద ఎక్కడ?"

"స్ట్రెచర్ లిఫ్టు దగ్గర." అన్నాడు లెగ్గు. "నీది మూడో అంతస్తు. థియేటరు అయిదు. నేను కింద నిలబడి లిఫ్టు తలుపు మీద అంకెలు చూస్తున్నాను. మూడు నుంచి నాలుగు, నాలుగు నుంచి అయిదు. అక్కడ ఆగింది. నిన్ను లోపలికి తీసుకెళ్ళారని తెలిసింది. ఆ తరవాత నాలుగు గంటలు ఆ అంకెల వైపే చూశాను. ఆ ఆస్పత్రిలో కింద బేస్‌మెంటు కూడా ఉంది బావా. అక్కడికి ఎవర్ని తీసుకెళ్తారో నాకు తెలుసు, ఆ లిఫ్టు ఒకసారి నేనే బాగుచేశాను. అయిదులోంచి కదిలింది. నాలుగు. మూడు. మూడు దగ్గర ఆగింది. ఇంక కిందికి రాలేదు. అప్పుడు వెళ్ళి పార్కింగు పక్క బెంచీ మీద కూర్చున్నాను."

బావ నెమ్మదిగా వంగి, ఛాతీ మీద ఒక చెయ్యి పెట్టుకుని, అతని పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. తలుపు వెనక పెద్ద అరుపు లేచింది.

"ఫోరు" అన్నాడు లెగ్గు, అలవాటుగా.

"సిక్సేమో."

"కాదు. సిక్సయితే ముందు ఒక్క క్షణం ఊపిరి బిగబడతారు."

బావ నవ్వబోయాడు. నవ్వు రాలేదు, కళ్ళనీళ్ళు వచ్చాయి. మోచేత్తో తుడుచుకున్నాడు.

"ఆ సెమీఫైనల్ రోజు ప్రెస్సులో కాగితం చిరిగి మూడుసార్లు మెషిన్ ఆగింది. ఆ చిరాకు మీద ఉన్నాను. నువ్వు ఎదురుగా కనబడ్డావు, నోటికొచ్చింది అన్నాను. వాళ్ళు నవ్వారు, బాగుందనిపించింది. అంతేరా. దాన్ని పట్టుకుని నువ్వు పన్నెండేళ్ళు..." మాట మింగేశాడు. "నాకైనా బుద్ధుండొద్దూ? మూడు నెలలు మీరు మీరంటూనే ఉన్నాను గానీ, ఎందుకు రాలేదురా అని ఒక్కసారి అడగలేదు."

"నేనూ అడగలేదు."

"అడగలేదు" అన్నాడు బావ. తరవాత గొంతు తగ్గించాడు. "ఇప్పుడు లోపల కూర్చోలేకపోయాను. ఆట ఎక్కడం లేదు. రేపు పదింటికి మళ్ళీ టెస్టు ఉంది. ఆపరేషన్ చేసిన చోటే రక్తనాళం మళ్ళీ పూడుకుందేమోనని డాక్టరుకు అనుమానం. మీ అక్కకు తప్ప ఎవరికీ చెప్పలేదు."

లెగ్గు అనుకోకుండానే మెట్టు మీద ఒక జానెడు అవతలికి జరిగాడు. బావ అది చూశాడు. చూసి, రెయిలింగు ఆసరాతో లేచి నిలబడి, అతని చెయ్యి పట్టుకుని లాగాడు.

"లే. లోపలికి పద."

"ఇప్పుడు వద్దు బావా. పద్దెనిమిది బంతుల్లో ఇరవై నాలుగే కావాలి. ఏడు వికెట్లున్నాయి. గెలవనీ, గెలిచాక వస్తాను."

"గెలిచాక ఎవడైనా వస్తాడు. నడువు."

హాల్లో అడుగు పెట్టగానే అందరి తలలూ ఇటు తిరిగాయి. ఎవరూ ఏమీ అనే ధైర్యం చేయలేదు, అతని చెయ్యి బావ చేతిలో ఉంది మరి. బావ సోఫాలో తన పక్కన చోటు చేసి కూర్చోబెట్టాడు. పన్నెండేళ్ళలో ఆ టీవీలో లెగ్గు చూసిన మొదటి బంతి అది.

ఆ బంతికే వికెట్ పడింది.

జట్టు గెలిచి ఉంటే కథ చెప్పేవాడికి ఎంతో సులువుగా ఉండేది. ఆట అలాంటి మొహమాటాలు పెట్టుకోదు. అదే ఓవర్లో ఇంకో వికెట్ పోయింది. తరవాతి ఓవర్లో రెండు. లెగ్గు లేవబోయాడు. బావ అతని మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు. ఇంకోసారి లేవబోయాడు. బావ టీవీ మీంచి చూపు తిప్పకుండానే "కూర్చోరా" అన్నాడు. ఆఖరి ఓవరుకు పదమూడు కావాలి. ఎనిమిదే వచ్చాయి. నాలుగు పరుగుల తేడాతో ఫైనల్ పోయింది.

అవతలి జట్టువాళ్ళు మైదానంలో ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఎవరో టీవీ శబ్దం ఆపేశారు. స్కోరుబోర్డు చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పదిహేడో ఓవరు దాకా మనదే మ్యాచ్" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. ఆ మాట ఎవరి కాలి కింద పడాలో అక్కడే పడింది. లెగ్గు తన పాదాల వైపు చూసుకున్నాడు. వాటిని సోఫా కిందికి దాచుకోవాలనిపించింది. ఇన్నాళ్ళూ లోపల దాచుకున్న నమ్మకం ఈ రోజు అందరి ఎదుటా రుజువైనట్టుంది. మెట్ల మీద కూర్చుని ఉంటే ఈపాటికి ఇల్లంతా గంతులేస్తూ ఉండేది.

బావ గొంతు సవరించుకున్నాడు.

"రేపు పొద్దున నాకు ఆస్పత్రిలో టెస్టు ఉంది. గుండెదే. లోపలికి తోడు ఒక్కరినే రానిస్తారట" అన్నాడు. బావ పక్కకు తిరిగాడు. "నువ్వు రావాలిరా. కింద కాదు, బెంచీ మీద కాదు. లోపలికి. నా పక్కన."

వద్దనాలని లెగ్గు నోరు తెరిచాడు. ఈ మనిషి ఇప్పుడే ఓడిపోయాడు, తనను పక్కన కూర్చోబెట్టుకునే ఓడిపోయాడు. అయినా చెయ్యి తీయలేదు. మోకాలి మీదున్న ఆ చెయ్యి చల్లగా ఉంది, అతని ప్యాంటు గుడ్డను గుప్పిట్లో బిగించింది. భయం తనకొక్కడికే కాదని అప్పుడు అర్థమైంది.

అతను తలెత్తి అక్క వైపు చూశాడు. వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. తోడు వెళ్ళవలసిన చోటు ఎవరిది? ఆమెదే. ఆమె కళ్ళు ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, తమ్ముడి పాదాల మీద వాలాయి. అతను చూశాడు. చూశాడని ఆమెకూ తెలిసింది. అక్క మొహం ఎర్రబడింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చి, ఖాళీ కప్పులు ఒక్కొక్కటే ఏరి ట్రేలో పెట్టుకుంది. తమ్ముడి దగ్గరికి వచ్చాక ఆగింది.

"ఆయన పొద్దున ఏమీ తినకూడదట" అంది. "నువ్వు మాత్రం తినేసి రా. లోపల ఎంతసేపు ఉండాల్సొస్తుందో ఏమో."